డీమన్ స్లేయర్ 26 ఎపిసోడ్ల నుంచి 8కి వచ్చింది. యానిమే సిరీస్‌లు ఎందుకింత చిన్నవైపోతున్నాయి?

#1 బెజవాడ_బ్లూరే

చాలా రోజులుగా అడుగుదామనుకుంటున్న విషయం ఇది. డీమన్ స్లేయర్ అనే యానిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) మొదటి సీజన్ 2019లో 26 ఎపిసోడ్లు వచ్చింది. ఆ తర్వాతి సీజన్లలో ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్ 11, స్వోర్డ్‌స్మిత్ విలేజ్ 11. 2024లో హషిరా ట్రైనింగ్ అయితే ఎనిమిదే. చెయిన్‌సా మ్యాన్ 12తో ఆపేశారు. సోలో లెవలింగ్ ఒకసారి 12, ఇంకోసారి 13.

మన చిన్నప్పటి లెక్క వేరు. డ్రాగన్ బాల్ జీ 291, బ్లీచ్ 366, నరుటో రెండు భాగాలూ కలిపి 720. సెయిలర్ మూన్ కూడా అయిదు సీజన్లు కలిపి 200.

టెక్నాలజీ పెరిగింది, డబ్బు పెరిగింది, ప్రపంచమంతా చూస్తోంది. మరి ఎపిసోడ్లు ఎందుకు తగ్గాయి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

#2 సీడ్‌లెస్_జామ

డబ్బు ఆశ, అంతే. ముక్కలు చేసి అమ్మితే ఎక్కువ వస్తుంది. కొంత టీవీలో వేయాలి, క్లైమాక్స్‌కి థియేటర్‌కి రప్పించాలి. 2020లో వచ్చిన డీమన్ స్లేయర్ సినిమా ముగెన్ ట్రెయిన్ జపాన్‌లోనే 4,000 కోట్ల యెన్లు దాటాక ఇంక టీవీలో 26 ఎపిసోడ్లు ఎవరు తీస్తారు?

#3 ఓరుగల్లు_ఒటాకు

జామ గారూ, ఆ లెక్క నిజమే. అప్పట్లో అదే పెద్ద రికార్డు. కానీ సినిమాల వల్లే ఎపిసోడ్లు తగ్గాయనడం సరిపోదు. 12-13 ఎపిసోడ్ల పద్ధతి ఆ సినిమా కంటే చాలా ముందే మొదలైంది. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆస్ట్రో బాయ్ 1963 జనవరి 1న ఫుజీ టీవీలో మొదలైంది. కామిక్ రచయిత ఒసాము తెజుకా స్టూడియో తీసింది. నాలుగేళ్లలో 193 ఎపిసోడ్లు. అప్పుడు ఖర్చు భరించింది స్పాన్సర్ కంపెనీ. మెయిజీ అనే మిఠాయిల కంపెనీ చాక్లెట్లతో పాటు ఆటమ్ (ఆస్ట్రో బాయ్ హీరో) స్టిక్కర్లు ఇచ్చింది, పిల్లలు ఎగబడి కొన్నారు. స్టిక్కర్ అమ్ముడుపోవాలంటే బొమ్మ ప్రతి వారం టీవీలో కనిపించాలి. వారం వారం రావడమే అసలు సరుకు. ఎన్ని వారాలు నడిస్తే అంత లాభం.

తర్వాత బొమ్మల కంపెనీలు వచ్చాయి. లెక్క అదే, కాకపోతే అది రెండువైపులా పదునున్న కత్తి. 1979లో గండమ్ అనే రోబోల సిరీస్ మొదలైనప్పుడు 52 ఎపిసోడ్లు అనుకున్నారు. క్లోవర్ అనే బొమ్మల కంపెనీ స్పాన్సర్. బొమ్మలు కదల్లేదు, 43కే ఆపేశారు. ఇవాళ అంత పేరున్న గండమ్ మొదట్లో అర్ధాంతరంగా ఆగిపోయిన సీరియల్. కాబట్టి అప్పట్లో కథ కోసం ఎక్కువ ఎపిసోడ్లు ఇచ్చారనుకోవద్దు. టీవీలో ఒక స్లాట్ ఉంది, దాన్ని నింపాలి. సాయంత్రం ఆరు, ఏడు గంటలకు పిల్లలు టీవీ ముందు కూర్చుంటారు. ఆ గంటను అమ్ముకునేవాళ్లు.

ఆ గంటే పోయింది. జపాన్‌లో 1973లో దాదాపు 21 లక్షల మంది పిల్లలు పుట్టారు. 2024లో 7 లక్షల లోపే. పిల్లలే లేనప్పుడు సాయంత్రం ఏడింటికి బొమ్మల కంపెనీ ప్రకటన ఎవరికి వేస్తుంది? ఆ స్లాట్లన్నీ నెమ్మదిగా క్విజ్ షోలకి, వంటల షోలకి వెళ్లిపోయాయి. యానిమే అర్ధరాత్రికి జరిగింది.

#4 బెజవాడ_బ్లూరే

అర్ధరాత్రికి జరిగితే ఎపిసోడ్లు ఎందుకు తగ్గాలి అన్నా? అక్కడ కూడా వారం వారం వేయొచ్చు కదా.

#5 ఓరుగల్లు_ఒటాకు

ఎందుకంటే అక్కడ డబ్బు ఎదురు నడుస్తుంది. సాయంత్రం స్లాట్‌లో చానల్, స్పాన్సర్ కలిసి డబ్బు పెట్టి సిరీస్ తీయిస్తాయి. అర్ధరాత్రి మాత్రం సిరీస్ తీసినవాళ్లే చానల్‌కి డబ్బు కట్టి గంట కొనుక్కుంటారు. అంటే యానిమే దానంతట అదే ఒక ప్రకటన అయింది. దేనికి ప్రకటన? మొదట డీవీడీలకి, తర్వాత బ్లూరేలకి. రెండేసి ఎపిసోడ్లు ఉన్న డిస్కు ఆరేడు వేల యెన్లు.

ఈ డబ్బు ఒక్కరు పెట్టలేరు కనుక నిర్మాణ కమిటీ అని ఒకటి కడతారు. పుస్తకం వేసిన ప్రచురణ సంస్థ, పాటల కంపెనీ, డిస్కులు అమ్మే కంపెనీ, బొమ్మలు చేసేవాళ్లు, అందరూ తలా కొంత వేస్తారు. నష్టం వస్తే అందరికీ కొంచెం కొంచెం. జపాన్ టీవీ ఏడాదిని జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ అని నాలుగు ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కకి 11 నుంచి 13 వారాలు. కమిటీ ముందు ఒక ముక్క కొంటుంది. నడిస్తే ఇంకోటి. నడవకపోతే అక్కడితో సరి, చూసినవాళ్లు మిగతా కథ పుస్తకంలో చదువుకోవాలి. ప్రచురణ సంస్థకి కావలసింది కూడా అదే.

1995లో ఇవాంజెలియన్ 26 ఎపిసోడ్లతో వచ్చింది, సాయంత్రం పూటే. 1997లో దాన్ని అర్ధరాత్రి మళ్లీ వేస్తే కూడా జనం చూశారు. పెద్దవాళ్లు ఆ వేళ మేలుకుని చూస్తారని, డబ్బు పెట్టి కొంటారని అందరికీ అర్థమైంది. అక్కడి నుంచి దారి మారింది.

#6 ఫిల్లర్_వద్దు

నా మాట కూడా వినండి. చిన్నవైనందుకు నేను సంతోషంగా ఉన్నాను.

నరుటో మొదటి భాగంలో 136 నుంచి చివరి దాకా ఏముంది? స్నేహితుడు ససుకేని వెనక్కి తెచ్చే కథ 135తో అయిపోయింది. అక్కడి నుంచి 220 దాకా, అంటే ఏడాదిన్నరకి పైగా, మాంగాలో (అసలు కామిక్‌లో) లేని కథలు, అంటే ఫిల్లర్. ఎందుకు? మాంగా కూడా వారం వారమే వస్తోంది, యానిమే దాన్ని దాటిపోతుంది కాబట్టి. స్లాట్ వదలకూడదు, కథ లేదు. డ్రాగన్ బాల్ జీలో విలన్ ఫ్రీజా "ఇంకో అయిదు నిమిషాల్లో గ్రహం పేలిపోతుంది" అంటాడు. ఆ అయిదు నిమిషాలు సుమారు పది ఎపిసోడ్లు నడిచాయి. మన టీవీ సీరియల్లో అత్తగారు తలుపు దగ్గర నిలబడితే ముగ్గురి ముఖాలూ మూడుసార్లు చూపిస్తారే, అదే పద్ధతి.

2009లో ఆ సిరీస్ తీసిన తోయే స్టూడియో వాళ్లే డ్రాగన్ బాల్ కై అని అదే కథను మళ్లీ కోసి కుట్టి వేశారు. 291 ఎపిసోడ్ల కథ సుమారు 160లో సరిపోయింది. మరి మిగతా 130 ఏమిటి? నాకు 24 ఎపిసోడ్ల జుజుత్సు కైసెన్ కావాలి, 85 వారాల ఎదురుచూపు వద్దు.

#7 కీఫ్రేమ్_కిందపని

హైదరాబాద్‌లో 2డి యానిమేషన్ పని చేస్తాను. డబ్బు లెక్క బాగా చెప్పారు, బల్ల దగ్గర ఏమవుతుందో కూడా చెప్పాలనిపించి రాస్తున్నాను.

నోబితా చొక్కా చూడండి. ఒకటే రంగు, ఒక కాలర్, రెండు చేతులు. ఇప్పుడు డీమన్ స్లేయర్ హీరో తంజిరో వేసుకునే పచ్చ నలుపు గళ్ల హవోరీ (పై కోటు) చూడండి. అతను తిరిగితే బట్ట మడత పడాలి, మడతలో గడి సగం దాగాలి, చెయ్యి లేస్తే గళ్లు వంగాలి. అతను నీళ్ల కత్తి తిప్పుతుంటే కెమెరా చుట్టూ తిరుగుతుంది. కింద నేల కంప్యూటర్లో కట్టింది, పైన మనిషి చేత్తో గీసింది. రెండూ కలిసిపోయినట్టు ఉండాలి. ఆ షాట్ తెర మీద నాలుగు సెకన్లు.

మామూలు టీవీ ఎపిసోడ్‌కే మూడు నుంచి అయిదు వేల బొమ్మలు పడతాయి. మధ్య బొమ్మలు (రెండు ముఖ్య భంగిమల మధ్య కదలిక) గీసే కుర్రాళ్లకి జపాన్‌లో ఒక్కో బొమ్మకి సుమారు 200 యెన్లు ఇస్తారని అక్కడి పరిశ్రమలో అందరూ చెప్పే మాట. పాత రోజుల్లో గీత తక్కువ, కాబట్టి రోజుకి ఎక్కువ బొమ్మలు పూర్తయ్యేవి. ఇప్పుడు బొమ్మలో గీతలు పెరిగాయి, రేటు మాత్రం దాదాపు అక్కడే ఉంది. అదే గంటల్లో తక్కువ బొమ్మలు, తక్కువ డబ్బు.

పైగా తెర మారింది. చిన్న చదరపు టీవీలో, సెల్ షీట్ (పారదర్శక ప్లాస్టిక్ రేకు) మీద రంగు వేసిన బొమ్మలో చిన్న తేడా ఉంటే కనిపించేది కాదు. ఇప్పుడు వెడల్పు హెచ్‌డీ తెర, దాన్ని ఫోన్లో ఆపి స్క్రీన్‌షాట్ తీసి "ముఖం వంకరగా ఉంది" అని పెడతారు. సాజే సాన్ అనే కుటుంబ సీరియల్ 1969 నుంచి నడుస్తోంది. దాన్ని 2013 వరకూ సెల్ షీట్ మీదే చేశారు. ఆ బొమ్మలు సాదాగా ఉంటాయి కాబట్టే అన్నేళ్లు వారం తప్పకుండా వచ్చింది. డీమన్ స్లేయర్ తీసే యూఫోటేబుల్ స్టూడియో చేసే పనిని వారానికి ఒకటి చొప్పున ఏడాదంతా చేయమంటే ఏ స్టూడియో చేయలేదు. అది మనుషుల సంఖ్యకు సంబంధించిన విషయం, మనసుకు సంబంధించింది కాదు.

#8 సీడ్‌లెస్_జామ

కీఫ్రేమ్ గారూ, మరి తోయే వన్ పీస్ ఎలా చేసింది? 1999 నుంచి వారం వారం వచ్చింది కదా, వెయ్యి దాటింది.

#9 కీఫ్రేమ్_కిందపని

తోయే పెద్ద సంస్థ. ఫిలిప్పీన్స్‌లో సొంత స్టూడియో ఉంది. ఒక జట్టు ఈ వారం ఎపిసోడ్ చేస్తుంటే పక్క జట్టు అప్పటికే తర్వాతి దాని మీద ఉంటుంది. అలా గిరగిరా తిరుగుతుంటాయి. అయినా ఒక ఎపిసోడ్‌లో మాంగా ఒక అధ్యాయం కూడా పూర్తి కానంత నెమ్మదిగా నడపాల్సి వచ్చింది. వాళ్లు కూడా ఇప్పుడు ఆ పద్ధతి మానేశారు.

#10 మెరైన్‌ఫోర్డ్_మావ

వన్ పీస్ పేరు వచ్చింది కాబట్టి చెప్తాను. ఈ దారంలో అడిగిన ప్రశ్నకి జవాబు మొత్తం ఆ ఒక్క సిరీస్ టైమింగ్స్‌లోనే ఉంది.

1999 అక్టోబర్‌లో మొదలైనప్పుడు బుధవారం సాయంత్రం ఏడు గంటలు. ఇంటిల్లిపాదీ అన్నం తినే వేళ. తర్వాత ఆదివారం సాయంత్రానికి మారింది. 2006లో ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి జరిపారు. సాయంత్రం గంట పోయింది, కనీసం పిల్లలకి సెలవు రోజు పొద్దున మిగిలింది. 2024 అక్టోబర్‌లో ఆరు నెలలు ఆపి, 2025 ఏప్రిల్‌లో తిరిగి తెచ్చినప్పుడు రాత్రి 11:15కి వేశారు. పిల్లల కోసం పుట్టిన సిరీస్ పిల్లలు నిద్రపోయాక వస్తోంది. ఎందుకంటే మొదటి రోజు చూసిన పదేళ్ల కుర్రాడికి ఇప్పుడు 36 ఏళ్లు.

అదే ఏడాది ఇంకో ప్రకటన చేశారు. 2026 నుంచి ఏడాదికి గరిష్ఠంగా 26 ఎపిసోడ్లే. జనవరి నుంచి మార్చి దాకా విరామం, ఏప్రిల్ నుంచి ఎల్బాఫ్ కథ. పాతికేళ్లు వారం వారం వచ్చిన సిరీస్ కూడా ముక్కల పద్ధతికి వచ్చిందంటే, ఇంక వెనక్కి వెళ్లేది లేదు. నాకు మాత్రం ఇది మంచి వార్తే. పాత ఎనీస్ లాబీ కథ నాటి వేగం మళ్లీ వస్తే అంతకంటే ఏం కావాలి?

#11 ఫిల్లర్_వద్దు

మావా, నూటికి నూరు శాతం.

#12 స్పైక్_అభిమాని

అందరూ పొడవు వర్సెస్ పొట్టి అంటున్నారు. నాకు బాధ వేరే. మధ్యది పోయింది.

కౌబాయ్ బీబాప్ 26 ఎపిసోడ్లు. అసలు కథ, హీరో స్పైక్ పాత పగ, అయిదారు ఎపిసోడ్ల కంటే ఎక్కువ లేదు. మిగతావన్నీ ఏమిటి? ఒక ఎపిసోడ్‌లో వాళ్ల అంతరిక్ష ఓడలో ఫ్రిజ్‌లో మర్చిపోయిన తిండి కుళ్లి ఏదో పురుగై అందర్నీ కరుస్తుంది. ఇంకోదాంట్లో తినడానికి ఏమీ లేక ఎడ్ అనే పిల్ల పుట్టగొడుగులు పట్టుకొస్తుంది. వీటిని ఫిల్లర్ అందామా? మాంగా నుంచి వచ్చింది కాదు ఆ సిరీస్, కాబట్టి ఆ మాటే కుదరదు. ఆ ఎపిసోడ్లలోనే ఆ నలుగురూ, కుక్కా ఒక ఇంటి మనుషులయ్యారు. వాళ్లు విడిపోయినప్పుడు మనకి గుండె పట్టేస్తుందంటే ఆ పనికిమాలిన రోజులన్నీ వాళ్లతో గడిపాం కాబట్టి.

ఇవాళ అదే కథని కమిటీ ముందు పెడితే 12 ఇస్తారు. పురుగు ఎపిసోడ్ మొదట ఎగిరిపోతుంది. పుట్టగొడుగుల ఎపిసోడ్ రెండోది. పగ మాత్రం మిగులుతుంది. ఇప్పుడొచ్చే ఒరిజినల్ సిరీస్‌లు చాలావాటిలో పదో ఎపిసోడ్ దగ్గర ఎవరో చనిపోతారు, నాకు కన్నీళ్లు రావు. వాళ్లతో నాకు పరిచయమే కాలేదు.

ఫిల్లర్_వద్దు గారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, నరుటోలో పనికిరాని 85 ఎపిసోడ్లు తీసేయాలంటే ఒప్పుకుంటాను. కానీ వాటితో పాటు కథ ఊపిరి పీల్చుకునే చోటు కూడా తీసేశారు.

#13 ఫిల్లర్_వద్దు

స్పైక్ అన్నా, బీబాప్‌నే టీవీ టోక్యో 1998లో మొదటిసారి వేసినప్పుడు పూర్తిగా వేయలేదు. సగం ఎపిసోడ్లు కూడా రాలేదు, మొత్తం 26 తర్వాత వావ్‌వావ్ చానల్లో వచ్చాయి. ఆ రోజుల్లో కూడా మధ్య సైజు సిరీస్‌లకి దిక్కు లేదు. కానీ ఊపిరి పీల్చుకునే చోటు గురించి మీరన్నది నిజం. ఆ పుట్టగొడుగుల ఎపిసోడ్ నేను ఇప్పటికీ మళ్లీ మళ్లీ చూస్తాను.

#14 గోదారి_గట్టు

అక్కలు ఎవరూ మాట్లాడలేదని నేను రాస్తున్నాను.

ఎపిసోడ్లు తగ్గడం కంటే మధ్య విరామాలు నన్ను ఎక్కువ ఇబ్బంది పెడతాయి. అటాక్ ఆన్ టైటన్ మొదటి సీజన్ 2013లో, రెండోది 2017లో. నాలుగేళ్లు! రెండోది చూస్తే 12 ఎపిసోడ్లు. ఆఖరి సీజన్‌ని 16, 12, మళ్లీ రెండు పెద్ద స్పెషల్స్‌గా 2020 నుంచి 2023 దాకా లాగారు. ఆఖరి సీజన్‌కి స్టూడియో కూడా విట్ నుంచి మాపాకి మారింది. ఎవరు ఎవరి వైపో గుర్తు తెచ్చుకోవడానికే ప్రతిసారీ వెనక్కి వెళ్లి చూడాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. తక్కువ ఎపిసోడ్లు అంటే పని చేసేవాళ్లకి సుఖం అనుకోకండి. 2023లో జుజుత్సు కైసెన్ షిబుయా భాగం వస్తున్నప్పుడు దాన్ని గీస్తున్నవాళ్లే గడువుల గురించి సోషల్ మీడియాలో బాధపడుతూ రాశారు. జామ్ 100 కూడా అదే ఏడాది. ఉన్నదే 12, చివరి మూడూ డిసెంబర్ ఆఖరికి గానీ రాలేదు. వండర్ ఎగ్ ప్రయారిటీ 2021లో ఎనిమిదో వారానికే పాత సీన్లతో ఒక ఎపిసోడ్ వేసి, ముగింపు స్పెషల్‌ని జూన్‌లో వేశారు. పన్నెండు కూడా సమయానికి పూర్తికాని పరిస్థితి.

కారణం సిరీస్‌ల సంఖ్య అని నా అభిప్రాయం. ఒక్కొక్కటీ చిన్నది, కానీ ఏడాదికి వందల సిరీస్‌లు. గీసేవాళ్లు అంతే మంది. కాస్త చెయ్యి తిరిగిన యానిమేటర్ కోసం నాలుగు స్టూడియోలు కాచుకుని ఉంటాయి.

#15 కీఫ్రేమ్_కిందపని

గోదారి అక్క చెప్పింది అక్షరాలా నిజం. చాలామంది ఫ్రీలాన్సర్లు. ఒక సిరీస్ 50 వారాలు నడిస్తే జట్టు కుదురుకుంటుంది, కొత్తవాళ్లు పాతవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుంటారు. మూడు నెలలకో సిరీస్ అంటే జట్టు కట్టేసరికే అయిపోతుంది. క్యోటో యానిమేషన్ లాంటివి ఉద్యోగులకి నెల జీతం ఇచ్చి, సొంతంగా నేర్పించుకుని చేస్తాయి. అందుకే వాళ్ల పని ఎప్పుడు చూసినా ఒకే తీరుగా ఉంటుంది. ఇక్కడ కూడా నాకు పని నేర్పింది ఒక పెద్ద పిల్లల సీరియల్ జట్టే, చిన్న ప్రాజెక్టులు కాదు.

#16 సీడ్‌లెస్_జామ

ఓటీటీ వచ్చాక మారాలి కదా మరి? స్లాట్ గొడవ లేదు, డిస్కుల గొడవ లేదు. క్రంచీరోల్‌లో మనకి తెలుగు డబ్బింగ్ కూడా వస్తోంది, డీమన్ స్లేయర్ సినిమా ఇన్ఫినిటీ కాసిల్ థియేటర్లో తెలుగులోనే చూశాం.

#17 ఓరుగల్లు_ఒటాకు

డబ్బు వచ్చే చోటు మారింది, ముక్క సైజు మారలేదు. 2023లో యానిమే మొత్తం వ్యాపారం 3 లక్షల కోట్ల యెన్లు దాటింది, అందులో సగం కంటే ఎక్కువ జపాన్ బయటి నుంచే. ఓటీటీకి ఒకే సిరీస్ ఏడాదంతా రావడం కంటే మూడు నెలలకోసారి కొత్తది రావడం నయం. ప్రతి కొత్త సిరీస్‌కీ కొత్త చందాదారులు వస్తారు. రెండో సీజన్ అంటే మళ్లీ ట్రెయిలర్, మళ్లీ హడావుడి. పాటల కంపెనీ కూడా కమిటీలో ఉంది కదా, ప్రతి ముక్కకీ ఒక కొత్త ఓపెనింగ్ పాట అమ్ముకుంటుంది.

#18 బెజవాడ_బ్లూరే

అంటే ఇంక పొడవైనవి రావా? బ్లాక్ క్లోవర్ 2017 నుంచి 2021 దాకా ఆగకుండా 170 వచ్చింది, బొరుటో 293. అవి ఎలా వచ్చాయి మరి?

#19 ఓరుగల్లు_ఒటాకు

ఆ రెండూ టీవీ టోక్యోలో, పాత పద్ధతిలో, మామూలు వేళల్లో నడిచినవి. రెండూ ఆగిపోయాయి. ఇప్పుడు వారం వారం ఆగకుండా వచ్చేవి డొరేమాన్, షించాన్, కోనన్, పోకేమాన్, సాజే సాన్ లాంటి ఇంటిల్లిపాదీ చూసేవి. వాటి స్లాట్లు వాటికి ఉన్నాయి, కొన్నిటికి బొమ్మల అమ్మకం, ఏటా ఒక సినిమా కూడా కుదిరాయి. కొత్త సిరీస్‌కి ఆ చోటు ఎవరూ ఇవ్వరు.

స్పైక్_అభిమాని గారికి మాత్రం కొంచెం ఊరట. ఫ్రీరెన్ 2023లో మొదలై వరసగా 28 ఎపిసోడ్లు వచ్చింది. నిప్పన్ టీవీ మొదటి నాలుగింటినీ శుక్రవారం రాత్రి సినిమా వేసే చోట ఒకేసారి వేసి, మిగతావాటికి శుక్రవారం పదకొండింటికి దేశమంతా వచ్చే కొత్త స్లాట్ తెరిచింది. అపాథెకరీ డైరీస్ కూడా 24, మళ్లీ 24. ఫ్రీరెన్‌లో సగం ఎపిసోడ్లలో జరిగేది ఏమిటి? ఊళ్లో ఆగుతారు, ఏదో చిన్న పని చేసిపెడతారు, పనికిరాని మంత్రం ఒకటి బహుమతిగా తీసుకుంటారు, బయల్దేరతారు. 12లో తీస్తే ఇవన్నీ పోయి పరీక్ష ఒక్కటే మిగిలేది.

#20 స్పైక్_అభిమాని

అదే నేను అడిగేది. 28 ఇస్తే ఏమవుతుందో కళ్లముందే ఉంది. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ బ్రదర్‌హుడ్ 64, ఒక్క ఎపిసోడ్ కూడా వృథా కాలేదు, మాంగా ముగింపూ యానిమే ముగింపూ 2010లో నెల తేడాలో వచ్చాయి. మాన్‌స్టర్ 74, అప్పటికే మాంగా పూర్తయింది. 2011 హంటర్ హంటర్ 148, దాంట్లో ఫిల్లర్ వెతికి చూపించండి. కథ చేతిలో ముందే ఉంటే పొడవు ఎప్పుడూ సమస్య కాదు. పూర్తయిన మాంగాలు బోలెడున్నాయి. ఏడాదికి ఒక్కదానికైనా 50 ఎపిసోడ్లు ముందే ఖాయం చేసి, రెండేళ్లు టైమ్ ఇచ్చి తీయమనండి, కీఫ్రేమ్ గారు చెప్పిన జట్టు కూడా దాంతోనే తయారవుతుంది.

#21 కీఫ్రేమ్_కిందపని

రెండేళ్లు ముందే డబ్బు కట్టే కమిటీ దొరికితే ఆ జట్టులో మధ్య బొమ్మలు గీయడానికి నేను కూడా వస్తాను. నిజంగానే అంటున్నాను. గళ్ల హవోరీ అయినా సరే.

#22 గోదారి_గట్టు

మాన్‌స్టర్ ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పండి. ఈ వారాంతం మొదలుపెడతాను. సబ్‌టైటిల్స్ ఉంటే చాలు.

#23 స్పైక్_అభిమాని

నేను చూసినప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది అక్కా. ఇప్పుడుందో లేదో పేరు కొట్టి చూడండి. మొదటి నాలుగు ఎపిసోడ్లు నెమ్మదిగా ఉన్నాయని ఆపకండి. డాక్టర్ టెన్మా ఎవరి ప్రాణం కాపాడాడో తెలిశాక మీరే ఆగలేరు.